ఒక్క ‘నో’కి తెలుగులో ఎన్ని జవాబులు

మీకు రేషన్ కార్డు ఉందా? అవును / కాదు.
గత నెల పింఛను అందిందా? అవును / కాదు.
ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలు ఉన్నారా? అవును / కాదు.
పంట బీమా కావాలా? అవును / కాదు.

ఇంగ్లీషులో తయారై తెలుగులోకి వచ్చిన సర్వే ఫారాల్లో, మొబైల్ యాప్‌లలో, ఫోన్లో వినిపించే రికార్డు గొంతుల్లో ఈ జత తరచుగా ఎదురవుతుంది. ప్రశ్నలు నాలుగూ మంచి తెలుగే. కింద ఉన్న ‘కాదు’ మాత్రం ఒక్క ప్రశ్నకీ అతకదు. కార్డు లేనివారు ‘లేదు’ అంటారు. పింఛను రానివారు ‘అందలేదు’ అంటారు. పిల్లలు లేనివారు ‘లేరు’ అంటారు. బీమా అక్కర్లేనివారు ‘వద్దు’ అంటారు. అన్నం కావాలా అని అడిగితే చిన్నపిల్లలు కూడా ‘వద్దు’ అంటారే తప్ప ‘కాదు’ అనరు.

ఇంగ్లీషు ఫారంలో ఈ నాలుగు చోట్లా ఉన్నది ‘నో’ అనే ఒక్క మాటే. దాన్ని ఒకసారి అనువదించి నాలుగు చోట్లా అతికించారు. అనువాదకులకి తెలుగు రాకపోవడం వల్ల ఇలా జరగడం అరుదు. ఆ మాట వాళ్ల చేతికి ఏ రూపంలో వచ్చింది, దాని వెంట ఏ ప్రశ్న ఉంది, ఆ తర్వాత ఎవరు ఎలా సరిచూశారు అన్న మూడు చోట్ల పొరపాటు పుడుతుంది. మూడూ దిద్దుకోదగ్గవే, పెద్ద ఖర్చు లేకుండా.

మూడు జతలు, వాటి వెనక క్రియలు

తెలుగులో కాదనడానికి ప్రధానంగా మూడు మాటలున్నాయి. ఒక్కొక్క దానికీ ఎదురుగా ఔననే మాట వేరు.

‘అవును – కాదు’ ఒక జత. రెండూ ‘అగు’ అనే ఒకే క్రియ నుంచి వచ్చినవి. ఫలానాదేనా, ఫలానావారేనా అన్న ప్రశ్నకి ఇవి జవాబులు. ‘ఇది సొంత ఇల్లేనా? కాదు.’ ‘మీరు ఈ ఊరివారేనా? కాదు.’

‘ఉంది – లేదు’ రెండో జత. ఉనికి, స్వాధీనం దీని పని. ‘బ్యాంకు ఖాతా ఉందా? లేదు.’ జరిగిన పనిని కాదనడం కూడా దీని పనే: రాలేదు, కట్టలేదు, అందలేదు. జరుగుతున్న పనికీ ఇదే: రావడం లేదు, చదవడం లేదు.

‘కావాలి – వద్దు’ మూడోది. పాత ‘వలదు’ వాడుకలో ‘వద్దు’ అయింది. కోరిక, అనుమతి, ఆజ్ఞ దీని కిందకి వస్తాయి.

ఈ మూడింటితో అయిపోలేదు. అలవాటు గురించి అడిగితే కాదనడం క్రియలోనే కలిసిపోతుంది. ‘పొగ తాగుతారా? తాగను.’ నైపుణ్యం అడిగితే ‘వచ్చు – రాదు’. ‘మీకు ఈత వచ్చా? రాదు.’ తెలివిడి అడిగితే ‘తెలుసు – తెలియదు’. ఒప్పుదల అడిగితే ‘ఒప్పుకుంటాను – ఒప్పుకోను’. బోర్డుల మీది నిషేధానికి ‘రాదు’, ‘కూడదు’ ఉన్నాయి: పొగ తాగరాదు, వాహనాలు నిలపరాదు.

‘లేదు’ ఎప్పుడూ ‘లేదు’గానే ఉండదు కూడా. నేను లేను, మేం లేం, నువ్వు లేవు, మీరు లేరు, వాడు లేడు, అది లేదు, అవి లేవు. కర్తని బట్టి ఆరు రూపాలు. అందువల్ల ‘అలర్జీలు ఉన్నాయా?’ అన్న ప్రశ్న కింద ‘లేదు’ రాస్తే మాట సరైనదే, రూపం తప్పు. అక్కడ ‘లేవు’ ఉండాలి. పిల్లల గురించి అడిగిన చోట ‘లేరు’ ఉండాలి. ‘ఎవరూ లేరు’, ‘ఏవీ లేవు’ అన్న తేడా కూడా ఇక్కడిదే. ఇంగ్లీషు ‘నన్’ మనుషులకీ వస్తువులకీ ఒకటే కావడంతో ఆ మాట అనువాదంలోనూ ఇదే చిక్కు వస్తుంది.

తప్పు జత పెడితే చదివేవారు సర్దుకుపోతారులే అనిపించవచ్చు. చాలాసార్లు సర్దుకుంటారు, ఎప్పుడూ కాదు. ‘టీ కావాలా?’ అన్న ప్రశ్నకి ‘కాదు’ అనే జవాబుకి తెలుగులో వేరే అర్థం ఉంది: టీ కాదు, ఇంకేదో కావాలి అని. పంట బీమా ప్రశ్న కింద ‘కాదు’ చూసిన రైతుకి, వేరే రకం బీమా గురించి ఏమైనా అడుగుతున్నారా అన్న సందేహం రావడం సహజం. ఇంటింటికీ తిరిగి అడిగే సర్వేలో మరో నష్టం ఉంది. ఫారంలోని మాట నోటికి రాక, అడిగేవారు దాన్ని అక్కడికక్కడ మార్చి చదువుతారు. ఒకరు ‘లేదా?’ అంటారు, ఇంకొకరు ‘రాలేదు కదా?’ అంటారు. ఆ ‘కదా’తో జవాబు ఒకవైపుకి మొగ్గుతుంది. అందరినీ ఒకే మాటలతో అడగాలన్న సర్వే మూలసూత్రం అక్కడే దెబ్బతింటుంది.

పక్క భాషల్లో

కన్నడంలో అల్ల, ఇల్ల, బేడ. మలయాళంలో అల్ల, ఇల్ల, వేండ. ఈ రెండింటికీ తెలుగు మూడు మాటలతో దాదాపు పొల్లుపోకుండా జత కుదురుతుంది. తమిళ వాడుకలో మొదటి రెండూ ‘ఇల్లై’లో కలిసిపోయాయి. ‘అల్ల’ రాతలో మిగిలింది, ‘వేండామ్’ విడిగా ఉంది. మరాఠీ ‘నాహీ’తో పాటు ‘నకో’ని వేరుగా ఉంచుకుంది. హైదరాబాద్ దక్కనీలో వినిపించే ‘నక్కో’ ఆ మరాఠీ మాట నుంచి వచ్చిందే. హిందీ ‘నహీఁ’కీ తెలుగు ‘వద్దు’కీ మధ్య ఉన్న ఖాళీని హైదరాబాదీలు అలా పూడ్చుకున్నారు. బెంగాలీలో నా, నేయీ, నయ్ ఉన్నాయి.

ద్రావిడ భాషల దగ్గరా భారతదేశం దగ్గరా ఇది ఆగదు. టర్కిష్‌లో జవాబుగా చెప్పే ‘హయిర్’ వేరు, ఫలానాది కాదనే ‘దెయిల్’ వేరు, లేదనే ‘యోక్’ వేరు. ఇండొనేషియా భాషలో ‘బుకన్’ నామవాచకాన్ని కాదంటుంది, ‘తిదక్’ క్రియని కాదంటుంది, ‘జంగన్’ చేయవద్దంటుంది. వీటికి తోడు ‘బెలుమ్’ ఒకటి ఉంది, ‘ఇంకా లేదు’ అని. పెళ్లయిందా అన్న ప్రశ్నకి అక్కడ ‘బెలుమ్’ అనడమే మర్యాద. దాన్ని ఇంగ్లీషు ‘నో’లోకి దించితే ‘ఇంకా’ అన్న ముక్క రాలిపోతుంది. ఫిన్నిష్‌లో కాదనే మాట క్రియలా నడుస్తుంది: ఎన్, ఎత్, ఎయి, ఎమ్మే, ఎత్తే, ఎయివాత్. తెలుగు లేను, లేవు, లేడు, లేం, లేరు తెలిసినవారికి అది వెంటనే అర్థమవుతుంది.

ఐరిష్ భాషకి ఔను, కాదు అనే విడి మాటలే లేవు. ప్రశ్నలోని క్రియనే తిప్పి చెప్పాలి. అందుకే ఐర్లండ్ రెఫరెండం బ్యాలెట్ల మీద ఇంగ్లీషు ‘యెస్’, ‘నో’ల పక్కన ఐరిష్‌లో ‘తా’, ‘నీల్’ అని ఉంటుంది. అంటే ‘ఉంది’, ‘లేదు’ అని.

ఇంగ్లీషు కూడా మొదటి నుంచీ రెండు మాటలతో సరిపెట్టుకున్న భాష కాదు. సుమారు 16వ శతాబ్దం దాకా అందులో నాలుగుండేవి. మామూలు ప్రశ్నకి ‘యే’, ‘నే’. వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నకి ‘యెస్’, ‘నో’. తర్వాత మొదటి జత వాడుకలోంచి జారిపోయింది, రెండో జత మొత్తం భారం మోస్తోంది. ఇవాళ ప్రపంచంలోని చాలా ఫారాలు నకలు చేస్తున్నది ఆ మిగిలిన జతనే.

అదే ధ్వని వేరే భాషలో వేరే పని చేయడం ఇంకో సంగతి. పోలిష్, చెక్ మాటల్లో ‘నో’ అంటే దాదాపు ‘ఆఁ, అవును మరి’ అని. పోర్చుగీసులో అది ‘లో’ అనే విభక్తి. జపనీస్‌లో ‘యొక్క’. గొంతు విని జవాబు గుర్తించే వ్యవస్థ ఏ భాషలో నడుస్తోందో ముందు తేల్చుకోకుండా ‘నో’ వినగానే తిరస్కారంగా లెక్కేస్తే పోలిష్‌లో తలకిందులవుతుంది.

మాట ఫైలులోకి వెళ్లాక

సాఫ్ట్‌వేర్‌లో తెర మీద కనిపించే మాటలన్నిటినీ విడిగా ఒక ఫైలులోకి తీసి అనువాదకులకి ఇస్తారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా వాడే పద్ధతి గెట్‌టెక్స్ట్. అందులో పీఓ ఫైలు ఉంటుంది, ప్రతి పద్దుకీ రెండు భాగాలు: ఇంగ్లీషు మూలం, దాని అనువాదం. మూలపాఠమే పద్దుకి తాళంచెవి కూడా. చిక్కు ఇక్కడే. ‘నో’ అన్న మాట ప్రోగ్రాంలో 40 చోట్ల ఉన్నా ఫైలులో ఒక్క పద్దుగానే కనిపిస్తుంది. అది ఏయే ఫైళ్లలో ఏయే వరుసల్లో ఉందో పైన చిన్న గుర్తులతో ఉంటుంది కానీ, ఆ వరుసలో ఉన్న ప్రశ్న ఏమిటో ఉండదు. అనువాదకులు నిఘంటువు చూసినా చూడకపోయినా ఒక్క మాటే రాయగలరు. ఏది రాసినా 40లో కొన్ని చోట్ల తప్పవుతుంది.

దీనికి మందు 2006లో గెట్‌టెక్స్ట్ 0.15తోనే వచ్చింది. పద్దుకి మూడో భాగంగా సందర్భాన్ని చేర్చవచ్చు. ప్రోగ్రాం రాసేవారు అనువాదాన్ని తెచ్చే మామూలు పిలుపుకి (ఫంక్షన్ కాల్‌కి) బదులు సందర్భం తీసుకునే పిలుపు వాడి, ‘నో’తో పాటు ‘కార్డు ఉందా’, ‘బీమా కావాలా’ వంటి చిన్న గుర్తు ఇస్తే చాలు. అప్పుడు ఒకే ఇంగ్లీషు మాట మూడు పద్దులుగా విడిపోతుంది. ఇంగ్లీషు తెర మీద ఏమీ మారదు, తెలుగులో మూడు మాటలకి చోటు దొరుకుతుంది.

అలా విడగొట్టాక కూడా జారిపడే చోటు ఒకటుంది. కొత్త మూలాన్ని పాత పీఓ ఫైలుతో కలిపినప్పుడు, విడిపోయిన పద్దులన్నిటికీ పాత ‘కాదు’ని ఊహగా నింపి, ‘ఫజ్జీ’ (ఇంకా సరిచూడాలి) అన్న గుర్తు పెడతారు. ఆ గుర్తున్నంత కాలం ఆ అనువాదం తెర మీదకి రాదు, ఇంగ్లీషే కనిపిస్తుంది. ఇంగ్లీషు కనిపిస్తోందన్న ఫిర్యాదుతో ఎవరైనా గుర్తులన్నిటినీ ఒక్కసారిగా తీసేస్తే పాత ‘కాదు’ అన్ని చోట్లకీ తిరిగి వచ్చేస్తుంది. విడగొట్టిన శ్రమంతా వృథా. ఫజ్జీ పద్దుల్ని ఒక్కొక్కటిగా, సందర్భం చదివి తీయాలి.

ఆండ్రాయిడ్, ఐఓఎస్ పద్ధతి వేరు. అక్కడ ప్రతి మాటకీ వేరే పేరు పెట్టుకోవచ్చు, పక్కన వ్యాఖ్య రాయవచ్చు. కానీ మాట ఒకటే కదా అని ఒకే పేరుని అన్ని చోట్లా తిరగవాడటం ప్రోగ్రామర్లకి మంచి అలవాటుగా నేర్పుతారు. కోడ్‌కి అది మంచిదే, భాషకి కాదు. ఆండ్రాయిడ్‌లోనే దీనికో పాఠం ఉంది. వ్యవస్థతో పాటు వచ్చే తయారు మాటల్లో ‘యెస్’ అన్న పేరున్నది తెర మీద చూపించేది ‘ఓకే’ని, ‘నో’ అన్న పేరున్నది చూపించేది ‘క్యాన్సిల్’ని. పేరు చూసి వాడుకున్న యాప్‌లో ప్రశ్నకీ బటన్‌కీ పొంతన కుదరదు.

వికీపీడియా నడిచే మీడియావికీ మాటలని ట్రాన్స్‌లేట్‌వికీలో అనువదిస్తారు. అక్కడ ‘క్యూక్యూక్యూ’ అనే ఉత్తుత్తి భాషాసంకేతం ఉంది. ఏ మాట ఎక్కడ కనిపిస్తుందో, ఏ ప్రశ్నకి జవాబో అందులో రాస్తారు. అనువాదకులకి అది మాట పక్కనే కనిపిస్తుంది. ఎంత చిన్న మాటైతే అంత పెద్ద వివరణ కావాలి. పేరాని అనువదించేవారికి సందర్భం ఆ పేరాలోనే దొరుకుతుంది. రెండక్షరాల ‘నో’కి అది బయట నుంచి రావాల్సిందే.

ఫైళ్ల సంగతి వచ్చింది కాబట్టి, ‘నో’ అనువాదకుల దాకా చేరకుండానే మాయమయ్యే వైనం కూడా చెప్పాలి. చాలా ప్రాజెక్టులు మాటల్ని యామెల్ ఫైళ్లలో, అంటే పేరు-విలువ జతలుగా సమాచారం రాసుకునే సాదా పాఠం ఫైళ్లలో దాచుకుంటాయి. యామెల్ 1.1 నియమాల ప్రకారం కొటేషన్ గుర్తులు లేని ‘యెస్’, ‘నో’, ‘ఆన్’, ‘ఆఫ్’ మాటలు కావు, సత్యం, అసత్యం అనే తార్కిక విలువలు. కంప్యూటర్ ‘నో’ని చదివి ‘అసత్యం’ అని రాసుకుంటుంది. నార్వే దేశసంకేతం కూడా ఆ రెండక్షరాలే కావడంతో దేశాల జాబితాలో నార్వే స్థానంలో ‘ఫాల్స్’ అని వస్తుంది. దీన్ని నార్వే సమస్య అనే పిలుస్తారు. 2009 నాటి యామెల్ 1.2లో ఈ నియమాన్ని సడలించారు కానీ పాత పద్ధతిలో చదివే సాధనాలు ఇంకా ఉన్నాయి. వెబ్‌సైట్లు తయారుచేసే రూబీ ఆన్ రైల్స్ అనే సాధనం భాషా ఫైళ్లలో ‘యెస్’, ‘నో’ తాళంచెవులని కొటేషన్లలో పెట్టకపోతే, ఎంత సరైన తెలుగు రాసినా ప్రోగ్రాంకి ఆ పద్దు దొరకదు. అనువాదం పోయిందని వెతికేవారు ముందు చూడాల్సింది ఇదే.

పట్టికల్లో చుక్కతో వచ్చే ‘నో.’ అసలు నిరాకరణే కాదు. అది సంఖ్యకి లాటిన్ నుంచి వచ్చిన పొట్టి రూపం. ఇం.నెం., వ.సం. అని తెలుగులో రాసుకునేది దీన్నే. ఫైలంతా ఒకేసారి వెతికి మార్చే ఆదేశం ఇస్తే ఇంటి నంబరు పక్కన ‘కాదు’ తేలుతుంది.

వెనక్కి అనువదిస్తే తప్పు దొరకదు

సర్వేల్లో, వైద్య పరిశోధనల్లో అనువాదాన్ని సరిచూసే ప్రసిద్ధ పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషు ఫారాన్ని ఒకరు తెలుగు చేస్తారు. మూలం చూడని మరొకరు ఆ తెలుగుని తిరిగి ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషు పాఠాలనీ పోలుస్తారు. చాలా తప్పుల్ని ఇది పట్టుకుంటుంది. ఈ ఒక్క తప్పుని మాత్రం స్వభావం వల్లనే పట్టుకోలేదు. కాదు, లేదు, లేవు, లేరు, వద్దు, రాదు అన్నీ ఇంగ్లీషులోకి వెనక్కి వెళ్లేసరికి ‘నో’ అయిపోతాయి. మూలంలోనూ ‘నో’, తిరిగొచ్చినదీ ‘నో’. పోల్చేవారు సంతృప్తిగా సంతకం పెడతారు. తేడా తెలుగులో మాత్రమే ఉన్నప్పుడు ఇంగ్లీషులో వెతికితే కనిపించదు.

అనువాద స్మృతి సాధనాలు దీన్ని ఇంకా పెంచుతాయి. ఒకసారి ఆమోదించిన జతని అవి గుర్తుపెట్టుకుని, అదే మూలం మళ్లీ వస్తే నూరు శాతం సరిపోయిందని తామే నింపేస్తాయి. అలా నిండినవాటికి కూలి తక్కువ, కొన్నిసార్లు అసలు ఉండదు. కాబట్టి వాటిని ఎవరూ తెరిచి చూడరు. ముందు వెనకల పాఠం కూడా కలిస్తేనే తామే నింపేలా ఈ సాధనాల్లో అమరిక ఉంటుంది. రెండు మూడు పదాల కన్నా చిన్న మూలానికి ఆ అమరికని తప్పనిసరి చేసుకోవడం మేలు.

యంత్రానువాదానిదీ ఇదే కథ. విడిగా ‘నో’ ఇస్తే యంత్రం ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ప్రశ్ననీ జవాబునీ కలిపి ఒకే వాక్యంగా ఇస్తే ఫలితం బాగుపడుతుంది. రెండు భారతీయ భాషల మధ్య అనువాదం చాలాకాలం ఇంగ్లీషు మీదుగానే నడిచింది. ఆ దారిలో కన్నడ ‘బేడ’ మొదట ‘నో’ అవుతుంది, తర్వాత తెలుగులో ‘కాదు’గానో ‘లేదు’గానో దిగుతుంది. ఒకే తేడాని పాటించే రెండు పక్క భాషలు ఆ తేడా లేని మూడో భాష మీదుగా మాట్లాడుకుని దాన్ని పోగొట్టుకోవడం నిజంగా బాధాకరం.

ఫారంలో దిద్దుకునే తీరు

క్షేత్రస్థాయి సర్వేలకి ఓడీకే, కోబో వంటి సాధనాల్లో ఎక్సెల్ పట్టికగా ఫారం రాస్తారు. ఒక షీటులో ప్రశ్నలు, ఇంకో షీటులో జవాబుల జాబితాలు. అలవాటుగా ‘యెస్-నో’ పేరుతో ఒకే జాబితా పెట్టి అన్ని ప్రశ్నలకీ దాన్నే తగిలిస్తారు. దీన్ని ఇలా మార్చాలి.

ముందు ప్రశ్నలన్నిటినీ తెలుగులో రాసుకుని, ప్రతిదాని చివర ఉన్న క్రియ మీద గీత గీయండి. ఉందా, ఉన్నాయా, ఉన్నారా, అయిందా, కావాలా, తెలుసా, వచ్చా, -ఏనా. ఒకే ముగింపు ఉన్నవాటిని ఒక గుంపు చేయండి. యాభై ప్రశ్నల ఫారమైనా ముగింపులు ఏడెనిమిదికి మించడం అరుదు. గుంపుకొక జాబితా చొప్పున జవాబుల షీటులో చేర్చండి: ఉంది/లేదు, ఉన్నాయి/లేవు, ఉన్నారు/లేరు, కావాలి/వద్దు, తెలుసు/తెలియదు, అవును/కాదు. జరిగిన పనికి ఆ క్రియే: అందింది/అందలేదు.

ముఖ్యమైన జాగ్రత్త ఇక్కడ ఉంది. జాబితాల పేర్లూ, కనిపించే తెలుగు మాటలూ వేరు కావాలి కానీ లోపల నమోదయ్యే విలువ అన్నిట్లోనూ ఒకటే ఉండాలి. ఔనుకి 1 అయితే అన్నిట్లో 1, కాదుకి 0 అయితే అన్నిట్లో 0. అప్పుడు ‘జవాబు 0 అయితే తర్వాతి ప్రశ్న వదిలెయ్యి’ లాంటి షరతులేవీ చెడవు, లెక్కలు కట్టేవారికి మార్పు తెలియనే తెలియదు. విలువల్ని కూడా లేదుకి 2, వద్దుకి 3 అని మారిస్తే షరతులు విరుగుతాయి, పాత సమాచారంతో కొత్తది కలవదు. ఇంగ్లీషు వరుసలో అన్నిటికీ ‘యెస్’, ‘నో’ అనే ఉంచవచ్చు. భాషలకి వేర్వేరు నిలువు వరుసలు ఉండేది ఇందుకే.

జాబితాలు పెంచడానికి వీల్లేదని, ఒకే జత ఇవ్వగలమని పైవారు పట్టుబడితే, ‘కాదు’ కన్నా ‘లేదు’ తక్కువ తప్పు. ఉనికికీ, జరిగిన పనికీ, జరుగుతున్న పనికీ అది సరిపోతుంది. మాటల్లో ‘రేపు వెళ్తున్నారా?’ అంటే ‘లేదు’ అనడం కూడా మామూలే. కావాలా అన్న ప్రశ్నలకి మాత్రం అదీ నప్పదు. వాటిని ‘బీమా తీసుకునే ఉద్దేశం ఉందా?’ అని తిప్పి రాసుకోవాలి.

సరిచూడటం గట్టిగా చదివి చేయాలి. ఒకరు ప్రశ్న చదవాలి, ఇంకొకరు కింద ఉన్న రెండు జవాబుల్నీ పూర్తి వాక్యంగా చెప్పాలి. ‘కార్డు ఉందా? కార్డు కాదు’ అనగానే చెవికి తెలిసిపోతుంది. వెనక్కి అనువదించి చూసినా దొరకని తప్పు ఇలా చదివితే దాక్కోలేదు.

వ్యతిరేక ప్రశ్నల జోలికి అసలు పోకపోవడం మంచిది. ‘మందుల వల్ల ఇబ్బంది ఏమీ లేదా?’ అని అడిగితే, ఇబ్బంది లేని తెలుగువారు ‘అవును’ అనవచ్చు, ‘అవును, ఏమీ లేదు’ అనే అర్థంలో. ఇంగ్లీషులో అదే మనిషి ‘నో’ అంటారు. జపనీస్, కొరియన్ తీరు తెలుగు లాంటిదే. ఫ్రెంచ్‌లో ‘సి’, జర్మన్‌లో ‘దోఖ్’ అని, వ్యతిరేక ప్రశ్నని తిప్పికొట్టడానికి ప్రత్యేకమైన మాటలే ఉన్నాయి. వైద్యం ఫారంలో ఈ ఒక్క గందరగోళం మందుకి అలర్జీ ఉందో లేదో తారుమారు చేయగలదు.

బటన్లకి వస్తే, ఔను-కాదులని వదిలేసి చేసే పనినే రాయమని ఆపిల్, గ్నోమ్ (లినక్స్ డెస్క్‌టాప్) రూపకల్పన మార్గదర్శకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. తెలుగుకి ఆ సలహా ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ‘టికెట్ రద్దు చేయాలా?’ అని అడిగి కింద ‘సరే’, ‘రద్దు’ అని పెడితే ఏది నొక్కితే టికెట్ పోతుందో ఎవరికీ తెలియదు. ‘టికెట్ రద్దు చేయి’, ‘టికెట్ ఉంచు’ అని రాస్తే ఆలోచించాల్సిన పనే ఉండదు. చోటు సరిపోదన్న అభ్యంతరం వస్తుంది. పది అక్షరాల లోపు ఇంగ్లీషు మాట అనువాదంలో మూలానికి రెండు మూడింతలు అవుతుందని ఐబీఎం మార్గదర్శకాల లెక్క. రెండక్షరాల ‘నో’కి కొలిచిన బటన్‌లో ‘ఒప్పుకోను’ పట్టదు. వెడల్పుతో పాటు ఎత్తు కూడా చూసుకోవాలి. వరుస ఎత్తు బిగించేస్తే ‘వద్దు’లో కింది వత్తు తెగిపోయి ‘వదు’లా కనిపిస్తుంది. నమూనా తెరల మీద ‘వద్దు’, ‘ఒప్పుకోను’ రెండూ పెట్టి చూస్తే వెడల్పూ ఎత్తూ ఒకేసారి తేలిపోతాయి.

ఫోన్లో వినిపించేవాటిలో ‘అవును అయితే 1, కాదు అయితే 2 నొక్కండి’ అన్న వాక్యం చెవికి పరాయిగా ఉంటుంది. తెలుగులో షరతు క్రియలోనే ఉంది: ‘పింఛను అందితే 1 నొక్కండి, అందకపోతే 2 నొక్కండి.’ ‘కార్డు ఉంటే 1, లేకపోతే 2.’ ‘బీమా కావాలంటే 1, వద్దంటే 2.’ వాక్యం పొట్టిగా ఉంటుంది, మధ్యలో లైను తెగి మళ్లీ కలిసినా ప్రశ్న ఏమిటో జవాబులోనే వినిపిస్తుంది. ఒకే రికార్డింగుని అన్ని ప్రశ్నలకీ వాడుకోలేకపోవడం ఒక్కటే అదనపు పని. ఇరవై ప్రశ్నలుంటే ఇరవై చిన్న రికార్డింగులు, ఒక పూట పని.

నొక్కే బదులు నోటితో చెప్పమనే వ్యవస్థలకి ఇంకా పెద్ద జాబితా కావాలి. తిరస్కారం కింద లేదు, కాదు, వద్దు మూడే పెడితే చాలామంది జవాబులు పట్టుబడవు. ఒద్దు, వొద్దు, అక్కర్లేదు, అవసరం లేదు, ఏం లేదు, ఊహూఁ, లేదండీ, వద్దండీ, నో, నహీ, నక్కో. తెలంగాణ మాటలో రాలేదు ‘రాలే’ అవుతుంది, చెయ్యలేదు ‘చెయ్యలే’ అవుతుంది. చివర ‘లేదు’ కోసం వెతికే ప్రోగ్రాంకి ఆ ‘దు’ ఎప్పటికీ వినిపించదు. అలాగని ‘లే’ అన్న ధ్వని ఉంటే చాలు తిరస్కారమని రాయకూడదు. ‘సరేలే’, ‘వస్తాలే’, ‘ఉందిలే’ అన్నవన్నీ ఒప్పుకోళ్లే. క్రియకి అతుక్కున్న ‘లే’కి ముందు ఏముందో చూడాలి: రా-, చెయ్య-, అంద- లాంటి రూపం ఉంటే నిరాకరణ, వస్తా-, ఉంది- లాంటి పూర్తి క్రియ ఉంటే ఒప్పుకోలు. ఆ మాత్రం నియమం రాసుకుని, రెండు రాష్ట్రాల నుంచీ వేర్వేరు జిల్లాల గొంతులతో పరీక్షించాకే వ్యవస్థని జనంలోకి వదలాలి.